ఇబ్బందుల పేజీ

ఒక ముసలాయన దగ్గు వినబడకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడని రోజులు ఉండేవి. తెల్లారి లేస్తూనే, ముఖమైనా కడుక్కోకుండా పెరటి గోడ దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. గోడకి అవతల వసారాలో ఆయన నులకమంచం. దగ్గు వినబడితే హమ్మయ్య అనుకుని పళ్లు తోముకోడానికి వెళ్లేదాన్ని. వినబడకపోతే ఏదో ఒక వంకతో వెళ్లి, ఆయన ఛాతీ లేస్తోందో లేదో చూసి వచ్చేదాన్ని. ఈ కాలంలో ఇలాంటి కోడలు ఎక్కడుందని వీధిలో వాళ్లు మెచ్చుకునేవారు. నాకు నవ్వూ వచ్చేది, సిగ్గూ వేసేది. ఆయన మీద ప్రేమ లేదని కాదు. కానీ ఆ పరుగు ప్రేమది కాదు. నేను మొదలుపెట్టబోతున్న వ్యాపారం ఆయన ఊపిరి మీద నిలబడి ఉంది. ఆ సంగతి నాకు తెలిసింది బిజినెస్ ప్లాన్ రాయడానికి కూర్చున్నప్పుడు.

అది రాష్ట్రం రెండయిన మరుసటి ఏడాది. మాది నరసన్నపేట దగ్గర, హైవే దిగి లోపలికి వెళ్లాల్సిన ఊరు. వరి పండించుకుని బతికే కుటుంబాలు. మా మేనత్త కొడుకునే నేను చేసుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లయినా బావ అనే పిలుస్తాను. బావ వెల్డర్. పెళ్లయిన కొత్తలోనే గల్ఫ్ వెళ్లాడు. ఎప్పుడో ఒకసారి సెలవు మీద వచ్చి, పాప తనకి అలవాటు పడే వేళకి మళ్లీ వెళ్లిపోయేవాడు. ఆసారి వచ్చినప్పుడు ఆ పిల్ల వీధంతా తిరిగి, "ఫోన్లో నాన్న వచ్చినాడు" అని చెప్పి వచ్చింది. అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు. కానీ తువ్వాలు కావాలన్నా, గ్లాసుడు నీళ్లు కావాలన్నా అతను నన్ను అడిగి తీసుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండేది. సొంత ఇంట్లో చుట్టంలా మసిలేవాడు.

ఒకరోజు అడిగేశాను.

"ఉండిపోరాదా బావా?"

"ఉండి ఏటి సేస్తాను? ఉన్న పొలం మీద అందరం కూకుంటే తిండెక్కడిది?"

"నాను సారెలు సేసి అమ్ముతాను. నువ్వు బండి తోలు."

అతను పాప వైపు చూశాడు. తరవాత, "సరే, మొదటి సారె సూద్దాం. అది బాగా ఎల్తే ఉండిపోతాను. సెడిందనుకో, పాస్‌పోర్టు ఏజెంటుకి ఇచ్చెత్తాను. అప్పుడు మరి నన్ను ఆపకు" అన్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? శ్రీకాకుళం నుంచి ఏజెంటు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

మా వైపు పెళ్లయిన ఆడపిల్ల చేతులూపుకుంటూ అత్తవారింటికి వెళ్లదు. వెంట సారె వెళ్లాలి. అరిసెలు, పోకుండలు, లడ్డూలు, జంతికలు, చలిమిడి, బుట్టలకి బుట్టలు. అత్తగారి ఊళ్లో వాటిని ఇంటింటికీ పంచుతారు. పిల్ల గుణం ఎలాంటిదో తరవాత, ముందు అరిసె మెత్తగా ఉందా లేదా అన్నది ఊరంతా తేల్చేస్తుంది. సారె ఆలస్యమైనా, రుచి చెడినా, ఆ మాట ఆ పిల్ల తన పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా వింటుంది.

ఇంత సారె ఒక ఇంటి వల్ల అయ్యే పని కాదు. పెరట్లో గాడిపొయ్యి తవ్వితే వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చుంటారు. పిండి కొట్టేవాళ్లు, ఒత్తేవాళ్లు, వేయించేవాళ్లు. ఎవరూ కూలి తీసుకోరు. టీ ఇస్తారు, వెళ్లేటప్పుడు ఒక పొట్లం కడతారు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే మనం వెళ్తాం. పాకం మాత్రం అందరి వల్లా కాదు. బెల్లం పాకం కాస్త ముందు దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, కాస్త ఆగితే రాయవుతుంది. మా అత్త పట్టిన పాకం అంటే చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆవిడ నాకు నేర్పింది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆడవాళ్లకి తీరిక లేక సారె మిఠాయి కొట్లో కొని పంపుతున్నారు. కొట్టు అరిసె గురించి ఊళ్లు చెప్పుకునే మాటలు మీకు తెలిసే ఉంటాయి. అందుకని ఇంటి సారె మేమే చేసిద్దాం, వీధి ఆడవాళ్లకి ఈసారి పొట్లం బదులు కూలి ఇద్దాం అనుకున్నాను.

మొదటి ఆర్డరు కళింగపట్నం నుంచి వచ్చింది. చేపల వ్యాపారం చేసే ఇల్లు. వైశాఖంలో కూతురి పెళ్లి. ఆ తల్లి మా ఇంటికి వచ్చి, అత్త చేసిన అరిసె తిని, ఇంకోటి కొంగున కట్టుకుంది.

"మా ఇంట్ల అందరం ఎండు సేపల కాడే ఉంటాం. ఎంత తోమినా సేతులకి ఆ వాసన పోదు. సారె మీరే సెయ్యండమ్మా. మా గుంట తల దించుకోకండా సూడండి, సాలు" అంది.

ఈ ఒక్క సారెకి గాడిపొయ్యి చాలు, ఆపైన పెద్ద పొయ్యిలకీ గంగాళాలకీ బ్యాంకు అప్పు కావాలి. బ్యాంకులో ముందు శ్రీకాకుళంలో ట్రైనింగుకి వెళ్లమన్నారు. అక్కడ ఒక మేడమ్ పాఠం చెప్పేది. విజయనగరం నుంచి వచ్చేది. బస్సులో ఒళ్లు హూనమై వచ్చినా గొంతు మాత్రం ఖంగుమనేది. మా అందరికీ తలా ఒక కాగితాల కట్ట ఇచ్చి, "ఇది మీ బిజినెస్ ప్లాన్. బ్యాంకు కోసం అనుకోకండి, మీ కోసం రాసుకోండి" అంది. ఎవరికైనా అలాగే చెప్తారులే అనుకున్నాను. బ్యాంకువాళ్లని మంచి చేసుకోడానికి రాసే కాగితాలకి ఇంత పాఠమా అని విసుక్కున్నాను కూడా.

మొదటి పేజీలు హాయిగా సాగిపోయాయి. ఏం అమ్ముతారు, ఎవరు కొంటారు, మీ దగ్గరే ఎందుకు కొంటారు. అత్త పాకం గురించి రాస్తూ రాస్తూ గీతలు దాటి పక్కకి కూడా రాసేశాను. పెళ్లిచూపులకి కూర్చున్నట్టు మన గొప్పలన్నీ మనమే చెప్పుకునే పేజీలు అవి. తరవాత పని ఎవరు చేస్తారు అన్న పేజీ. అందులో మా వీధి ఆడవాళ్ల పేర్లన్నీ ఇంటిపేర్లతో సహా రాశాను. ఆఖరి పేజీలో అటో గడి, ఇటో గడి. ఒకవైపు 'ఇబ్బందులు', ఎదురుగా 'ఏం చేస్తాం'. అక్కడ నేను 'ఏమీ లేవు' అని రాసి ఇచ్చాను.

మేడమ్ వెనక్కి తిప్పి పేర్ల పేజీ చూసింది.

"అందరిదీ ఒకటే ఇంటిపేరా?"

"అవునండీ. వీధంతా మావాళ్లే. అన్నదమ్ముల పిల్లలు, వాళ్ల కోడళ్లు."

"బాగుంది. వీళ్లంతా ఒకేసారి రాలేని రోజు అంటూ ఉంటుందా?"

"ఉండదండీ. ఒకరు రాకపోతే ఇంకొకరు వస్తారు."

"ఆలోచించి చెప్పండి. ఇది ఖాళీగా ఉంటే నేను తీసుకోను. తొందరేం లేదు, పెళ్లిళ్లు అయ్యాకైనా ఇవ్వండి" అని కాగితాలు తిరిగి ఇచ్చేసింది. నాకు కోపం వచ్చింది. లేని ఇబ్బంది ఎక్కడినుంచి తేను?

తిరిగి వస్తుంటే దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగింది. కొత్త గుండ్లతో ఉన్న అన్నదమ్ములు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఎక్కారు. ఎవరో పోతే పదో రోజు స్నానాలకి వెళ్లి వస్తున్నట్టుంది. వాళ్లని చూస్తూ కూర్చున్న నాకు ఉన్నట్టుండి చెమటలు పట్టాయి. మైల. ఒక ఇంటిపేరులో ఒకరు పోతే ఆ ఇంటిపేరు వాళ్లందరికీ మైల. ఆ రోజుల్లో పెళ్లికి వెళ్లకూడదు, పెళ్లి సరుకు ముట్టుకోకూడదు. ఇక సారె చేయడం అన్న మాటే లేదు. నేను రాసిన పేర్లలో ఒక్కరికి కూడా వీలుండదు. నాకూ ఉండదు, అత్తకీ ఉండదు. మా ఇంట్లో ఉన్న బియ్యం బస్తా కూడా పనికిరాదు.

మా గోడ అవతల మంచం మీద పెదమావయ్య ఉన్నాడు. మా మావయ్యకి అన్న. భార్య పోయింది, పిల్లల్లేరు, మా ఇంటినుంచే జావ వెళ్తుంది. శివరాత్రి దాటిన దగ్గర్నుంచి మంచం దిగలేదు. వీధిలో పెద్దవాళ్లు ఆయన గురించి మాట్లాడుకునేటప్పుడు గొంతు తగ్గిస్తున్నారు. ఆర్డరు వైశాఖానికి. బస్సు నరసన్నపేట చేరేలోపు నేను ఈ లెక్క ఎన్నిసార్లు వేశానో. ఎటు తిప్పినా ఆయన మంచం దగ్గరికే వచ్చి ఆగేది.

అప్పటినుంచి మొదలైంది ఆ గోడ దగ్గర కాపలా. జావ నేనే తీసుకెళ్లేదాన్ని. కాస్త ఎక్కువ తాగితే ఆ పూట నాకు ఆకలి వేసేది. వద్దని గిన్నె తోసేస్తే నా అన్నం కూడా అలాగే ఉండిపోయేది. బావ చూసి, "పెదనాన్నకి నీ సేతి జావే గావాలట" అని మురిసిపోయాడు. నేను ఏమీ చెప్పలేదు. చెప్తే, సారె చెడింది అన్నట్టేనని భయం.

అయితే కాగితాలు నింపక తప్పదు. ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఆఖరి పేజీ తీశాను. పైకి చదువుతూ రాయడం నా అలవాటు. అత్త పక్కనే బియ్యం చెరుగుతోంది. 'పెదమావయ్యకి ఏదైనా అయితే ఇంటిపేరు వాళ్లందరికీ మైల' అని చదివానో లేదో, చేట కింద పెట్టేసింది.

"ఏటి రాస్తన్నావు?"

"ఇబ్బందులు రాయమన్నారత్తా."

"బతికున్న మనిసి సావుని కాయితం మీద రాస్తావేటే? నీకు సేతులెలా వచ్చినాయి?"

"రాస్తే పోతారేటత్తా?"

"కుండలో బియ్యం అయిపోతే అయిపోయినాయంటావా? నిండుకున్నాయంటావు. దీపం ఆరితే కొండెక్కిందంటావు. నోటితో అనని మాట సేత్తో ఎలాగ రాస్తావు?"

ఆవిడన్నది నిజమే. మేం చెడ్డ మాట అనం. వ్యాపారం మొదలుపెట్టినా అంతే. కొబ్బరికాయ కొడతాం, గుమ్మడికాయ కడతాం, అంతా మంచే అనుకుంటాం. మా ఊళ్లో కోళ్ల ఫారం పెట్టి మూసేసినవాళ్లూ ఉన్నారు, ఆటోలు కొని అమ్మేసినవాళ్లూ ఉన్నారు. అందరూ తరవాత చెప్పేది ఒకే మాట, ఇలా అవుతుందని ఎవడికి తెలుసని. తెలియకేం, అందరికీ తెలుసు. మంచి పని మొదలుపెడుతూ ఆ మాట అనకూడదని ఊరుకుంటారు. ఇప్పుడు నన్ను సలహా అడగడానికి వచ్చే ఆడవాళ్లకి నేను ముందు ఆఖరి పేజీ తీసి చేతిలో పెడతాను. కొందరు నా ముఖం చూసి, ఈవిడ నోట్లో మంచి మాటే రాదా అనుకుంటూ వెళ్లిపోతారు. అన్నట్టు, తరవాత మా కాగితాలు చూసిన బ్యాంకాయన ఆ పేజీ తిప్పనే లేదు. మేడమ్ చెప్పినట్టు అది నిజంగానే బ్యాంకు కోసం కాదు.

పొలం నుంచి బావ వచ్చేసరికి అత్త ఏడుస్తోంది. సంగతి విని అతను నా పక్కకి వచ్చి మెల్లిగా చెప్పాడు.

"కొట్టేసీవే. ఆ ఒక్క ముక్క కొట్టేస్తే ఏటి పోయింది?"

"కాయితం మీద కొట్టేస్తే మైల రాకుండా పోద్దేటి బావా?"

"అలాగయితే ఆర్డరు ఒద్దని సెప్పేయ్. నాను ఏజెంటుకి ఫోన్ సేసుకుంటాను."

కోపంగా అని ఉంటే నేనూ అరిచేదాన్ని. ఎప్పుడో తెలిసిన మాటలా అన్నాడు. అతని మనసులో ఒక కాలు అప్పుడే విమానం మెట్టు మీద ఉందని నాకు అర్థమైంది. భయం వేసింది, చాలా భయం వేసింది. కానీ ఆ ముక్క కొట్టేయలేదు.

మా వసారాలో మాట్లాడుకుంటే గోడ అవతలికి వినబడుతుంది. ఆ తొందరలో ఎవరికీ గుర్తు లేదు. మర్నాడు జావ తీసుకెళ్తే పెదమావయ్య కళ్లు తెరిచే ఉన్నాడు.

"ఏటమ్మా, నా సావు రాసినావట."

గిన్నె ఒరిగి జావ మంచం మీద ఒలికింది. కొంగుతో తుడుస్తూ, అది కాదు పెదమావా, అని ఏదో గొణిగాను.

"పట్టుకొచ్చి సదువు."

"ఎందుకులే."

"సదువమ్మా. సెవులు ఇంకా పనిసేస్తన్నాయి."

తెచ్చి చదివాను. తల ఎత్తకుండా చదివాను. ఆయన విని, "ఎదర గడిలో ఏటున్నాది?" అని అడిగాడు.

"అలా జరిగితే ఏం చేస్తాం అన్నది అక్కడ రాయాలి. ఇంకా రాయలేదు."

ఆయన పైకప్పు వైపు చూస్తూ కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తరవాత మాట్లాడాడు. మధ్యమధ్యలో దగ్గుకుంటూ, ఆగుతూ.

"మనోళ్లలో ఎవులింట్ల లగ్గం పెట్టుకున్నా ముందు నా కాడికొచ్చి సూసెల్తన్నారు. ఎలాగున్నావు పెద్దాయనా అంటారు. నా కోసం కాదు, లగ్గం కోసం. నువ్వూ అందుకే వస్తన్నావు గదా?"

నేను కాగితం అంచు మడతపెడుతూ కూర్చున్నాను.

"తప్పేటి నేదు. నాకూ అదే బెంగ. దగ్గొచ్చి ఊపిరాడకపోతే, ఇప్పుడు కాదు తండ్రీ, ఆ గుంట లగ్గం అయిపోనీ అనుకుంటన్నాను. ఆ లగ్గం అయితే ఇంకో లగ్గం. సావడానికి కూడా ఖాళీ నేకుండా పోనాది." ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గాక నా చేతిలో కాగితం వైపు చూపించాడు. "ఆ గడి రాసీ. నాను ఎప్పుడెల్లినా నీ పని ఆగకండా రాసీ. ఒక్క ఇంటికైనా నా వల్ల అడ్డం నేదంటే నాకు సాలు."

"నువ్వుంటావు పెదమావా."

"ఉంటే ఉంటాను. నువ్వు రాసీ."

ఇంటికి వచ్చి పెరట్లో కూర్చుని ఏడ్చాను. నా భయం గురించి తప్ప ఆయన భయం గురించి నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

గడి రాయడం అనుకున్నంత సులువు కాదు. మైల వస్తే నేను ముట్టుకోకూడదు. అత్త, వీధి ఆడవాళ్లు, మా పొయ్యి, మా కొట్టు గదిలో సరుకు, ఏదీ పనికిరాదు. అంటే మేమెవరం లేకుండా మా సారె తయారవ్వాలి. ఇది మా వ్యాపారమే ఎలా అవుతుందని మొదట ఒళ్లు మండింది. తరవాత మెల్లిగా ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చాను. ఆమదాలవలస అవతల మా పుట్టిల్లు. అత్తకీ అదే పుట్టిల్లు. అక్కడివాళ్ల ఇంటిపేరు వేరు, మా మైల వాళ్లకి అంటదు. కాబట్టి బెల్లం, బియ్యం, నూనె మా ఇంటికి రాకుండా నేరుగా అక్కడికే వెళ్లాలి. పొయ్యి అక్కడే తవ్వాలి. మా వదిన, వాళ్ల వీధి ఆడవాళ్లు పని చెయ్యాలి. అంతా ఒక్కొక్క వాక్యమే. అయినా ఒక్కొక్కటి రాస్తుంటే గుండె దడ కాస్త తగ్గేది. అంతవరకూ దేనికి భయపడాలో తెలియక అన్నిటికీ భయపడేదాన్ని.

ఒక్కటి మాత్రం ఎలా రాసినా కుదరలేదు. పాకం. వదిన వంట బాగా చేస్తుంది గానీ, సారెకి సరిపడా పాకం ఎప్పుడూ పట్టలేదు. అది అత్తే నేర్పాలి. అత్త నాతో మాట్లాడటం మానేసింది. అలాంటిది ఒకరోజు పెదమావయ్యకి మంచం దుప్పటి మార్చి వచ్చి, మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన ఏం చెప్పాడో నేను అడగలేదు.

"బస్సెప్పుడు?" అంది.

పుట్టింట్లో వదినని పొయ్యి ముందు కూర్చోబెట్టి ఆవిడ తిట్టిన తిట్లు ఆ వీధంతా విన్నది. "పాకం నీ కోసం ఆగుతాదనుకుంటన్నావేటి? కళ్లు దాని మీద పెట్టు, నా మొకం సూడకు." వదిన మొదటి వాయి రాయి అయింది. తరవాతది నూనెలో విచ్చిపోయింది. ఆ తరవాత వేసినవాటిని పిల్లలు ఇష్టంగా తిన్నారు. అత్త ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే బాగున్నట్టు.

వైశాఖం వచ్చింది. ఆ పెళ్లి సారెకి మర్నాడు బియ్యం నానబెట్టాలనగా, ఆ మధ్యాహ్నం పెదమావయ్య జావ సగం తాగి, ఎండ పడుతోంది తలుపు దగ్గరగా వెయ్యమన్నాడు. వేశాను. గిన్నె కడిగి వచ్చేసరికి ఆయన లేడు. పిలిచాను, చెయ్యి పట్టుకుని చూశాను. దాచుకోవడం ఎందుకు, నాకు మొదట గుర్తొచ్చింది సారె. వెంటనే, పరవాలేదు, అక్కడ అంతా సిద్ధంగా ఉంది అని గుర్తొచ్చింది. అప్పుడు కానీ నాకు ఆయన కోసం ఏడుపు రాలేదు. ఆ తరవాత మాత్రం ఎవరు చెప్పినా ఆపుకోలేకపోయాను. మా ఊరి దగ్గర ఆ రోజుల్లో రెండు పెళ్లిళ్లు ఉన్నాయి. మా వీధిలో వాళ్లు ఎవరూ వాటికి వెళ్లలేదు.

తలకొరివి బావే పెట్టాడు. పెదమావయ్య ఎప్పుడో అడిగాడట. ఇంట్లో అందరం మైలలో కూర్చున్నాం. కళింగపట్నం నుంచి ఆ తల్లి ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"మీ ఇంట్ల పెద్దాయన పోనాడట గదమ్మా. మరి మా సారె?"

"మా సెయ్యి తగలదమ్మా. మా గుమ్మం నుంచి గింజ కూడా ఎల్లదు. మా పుట్టింట్లో సేస్తన్నారు, ఆళ్ల ఇంటిపేరు వేరు."

"మరి పాకం ఎవులు పడతన్నారు?"

"మా అత్త నేర్పిన మనిసే."

ధైర్యంగానే చెప్పాను. ఫోన్ పెట్టాక అనుమానం మొదలైంది. కాగితం మీద రాసినంత మాత్రాన వదిన చెయ్యి అత్త చెయ్యి అవుతుందా? ప్లాన్ రాస్తే భయం పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. భయం పోదు. చేయగలిగిందంతా చేశాక మిగిలిన భయం మాత్రం ఉంటుంది, అది ఎంతుండాలో అంతే ఉంటుంది.

పాకం పెట్టిన రోజు వదిన ఫోన్ చేసింది. వెనక పొయ్యి చప్పుడు. అత్త తల మీద కొంగు సరిచేసుకుని, ఫోనుకి మైలేటి ఉండదు గదా అని, నా చేతిలోంచి లాక్కుంది.

"నురగ పెద్దగా ఉన్నాదా, సన్నగా ఉన్నాదా? నీళ్లలో ఏసి సూసినావా? ఉండ అవుతన్నాదా? అయితే దించీ. దించీ బేగి. ఇంక నన్ను అడక్కు, కాసుకో." అని ఫోన్ నాకు ఇచ్చేసి గోడకి జేరబడింది.

పెళ్లికూతుర్ని అత్తవారింటికి పంపిన రోజు నేను ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున వదిన, "బండి బయలెల్లినాది" అంది. తరవాత ఏ కబురూ లేదు. ఎండ గోడ దిగి ముంగిట్లోకి వచ్చింది, అప్పటికీ లేదు. బావ అటూ ఇటూ తిరుగుతున్నాడు. చివరికి ఆ తల్లే చేసింది.

"అందినాదమ్మా. పంచేసినారు. అరిసెలు మెత్తగా ఉన్నాయన్నారట. జంతికల్లో ఉప్పు పిసరెక్కువైనాదట. పోనీలే, మా గుంట మొకం మీద నవ్వుందట."

అత్త జంతికల సంగతి విని, "ఉప్పు గురించి నాను సెప్పలేదు" అని చిన్నపిల్లలా బాధపడింది. నేను నవ్వుతూ ఏడ్చాను.

పదో రోజు స్నానాలు అయ్యాయి. ఇల్లు కడిగాం. బావ గుండుతో అరుగు మీద కూర్చుని, "ఆ కాయితాలు తే" అన్నాడు. తెచ్చిచ్చాను. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదివాడు. ఇబ్బందుల పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

"పెదనాన్న లేకపోయినా నడుస్తాది అని రాసినావు. నువ్వు లేకపోయినా, అమ్మ లేకపోయినా నడుస్తాదని రాసినావు. నడిసినాది కూడా." మళ్లీ వెనక్కి తిప్పాడు. "మరి నానెక్కడున్నాను?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పని ఎవరు సేస్తారు అన్న పేజీలో బండికి ఎదురుగా అద్దె బండి, డ్రైవరు అని రాసినావు. మైలొస్తే అనుకున్నాను. కాదు. అంతకుముందే అలాగే రాసున్నాది. నన్ను రాయనే నేదు."

"నువ్వుంటావని నాకు నమ్మకం లేదు బావా" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని నేను అనుకోలేదు. "ఉంటావని రాసేసి, నువ్వెల్లిపోతే, ఆ పేజీ మళ్లీ తెరవలేనని రాయలేదు."

అతను గుండు తడుముకుంటూ వీధిలోకి చూశాడు. "ఇప్పుడు రాయి" అన్నాడు.

అద్దె బండి కొట్టేసి అతని పేరు రాసి, పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టాను. ఆ తరవాత నా చెయ్యి నాకు తెలియకుండానే ఆఖరి పేజీ తీసింది. బావ చూశాడు.

"మళ్లీ అదేటి?"

"ఎవరి పేరు ముందు పేజీలో రాస్తే, ఆ మనిసి లేకపోతే ఏటన్నది ఇక్కడ రాయాల."

ముఖం చిట్లిస్తాడనుకున్నాను. పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. "రాసీ మరి."

'బావ మళ్లీ వెళ్లిపోతే' అని రాశాను. అతను పక్కనే కూర్చుని చూస్తుండగా రాశాను. ఎదుటి గడిలో పెన్ను పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఒక్క మాట రాలేదు. కాసేపటికి అతను లేచి పశువులకి గడ్డి వేయడానికి వెళ్లాడు.

కాగితాలు అలాగే తీసుకెళ్లి మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ ఆ గడి మీద వేలు పెట్టి, ఇది నింపలేదేం అని అడిగింది. ఏం రాయాలో తోచలేదండీ అన్నాను. ఆవిడ ఒకసారి నా ముఖంలోకి చూసి తీసుకుంది. నకలు ఒకటి ఇంట్లో ఉంది. ఆ గడిలో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తోచలేదు. ఇంతవరకూ దాంతో పని పడలేదు.